రెండో కూర్పు మాత్రమే

అక్టోబరు 9, గురువారం. తూర్పు గాలి. మబ్బు పట్టింది గాని చినుకు లేదు. ఉదయం మిల్లులో సముద్రపు నీటి ఉప్పు వడగట్టే పొరలు నాలుగు విప్పి కడిగాను. నిండా ఎర్ర పాచి. గోటితో గీకితే జిగురులా సాగుతోంది. తీసిన నీరు తొమ్మిది వేల నాలుగు వందల లీటర్లు మాత్రమే.

పోయిన నెల ఇదే రోజున పన్నెండు వేలు తీశాను.

మంచె మీద మూడు వందల నలభై మందిమి ఉన్నాం. తాగటానికీ వంటకూ రోజుకు ఎనిమిది వేలు కావాలి. రక్తం కడిగే గదికి ఆరు వందలు. అవి పోను మిగిలినవి స్నానాలకు. ఊరి మీదికి సముద్రం వచ్చి, మేము స్తంభాల మీదికి ఎక్కిన నాటి నుంచి ఇదే లెక్క.

ఈ రోజు గదిలో అక్క వంతు. మా అక్క వీరరాఘవమ్మ మంగళ, గురు, శనివారాలు నాలుగేసి గంటలు ఆ మిషను పక్కన పడుకుంటుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను.

"నీళ్ళు తగ్గినయ్యంటగా" అంది.

"ఎవరు చెప్పారు?"

"నీ మొహం చెప్పిందిరా. నీ నోరు ఎటూ చెప్పదుగా."

అక్టోబరు 10, శుక్రవారం. ఎండ. రెండో పంపుకు గ్రీజు పెట్టాను. తీసిన నీరు తొమ్మిది వేల నూరు లీటర్లు మాత్రమే.

మంచె పెద్ద రత్నకుమారి మిల్లుకు వచ్చింది. కొల్లేరు వైపు మంచెలకు కిందటేడే ఈ పాచి పట్టిందట. వాళ్ళు దానికి ఒక ప్రోగ్రాం రాసుకున్నారు. గంటకోసారి నీటిని వెనక్కి తోసి, పాచి అంటుకోక ముందే దులిపేస్తుంది. ఓపెన్ సోర్స్. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినది మళ్ళీ అందరికీ చూపించాలి, అంతే. మా నీళ్ళ మిల్లు నడిచే ప్రోగ్రాం కూడా ఓపెన్ సోర్సే. దాని షరతూ అదే.

"ఇంకేంది మరి, కలిపెయ్ నాంచారయ్యా" అంది రత్నకుమారి.

"రేపు చూస్తాను."

"ఎవరు రాశారో అడగవేం?"

అడగలేదు. కొల్లేరు అనగానే తెలిసింది. రాసింది మా మేనమామ కొడుకు ఏడుకొండలు. ఈ మిల్లు ప్రోగ్రాం మేమిద్దరం కలిసి రాశాం. పదకొండేళ్ళ కింద మంచె దిగి వెళ్ళిపోయాడు. వాడి పేరు ఈ పుస్తకంలో రాసి కూడా పదకొండేళ్ళయింది.

అక్టోబరు 11, శనివారం. గాలి లేదు. ఉక్క. పొరలు ఆరు కడిగాను. తీసిన నీరు ఏడు వేల తొమ్మిది వందల లీటర్లు మాత్రమే. మూడు గంటలు మిల్లు ఆగిపోయింది.

ఉదయం కొల్లేరు ప్రోగ్రాం ఎక్కించి మీట నొక్కాను. మోటారు మూలిగింది, ఆగింది. సాక్షి పెట్టె ఎర్రగా వెలిగింది. ప్రతి మిషనులోనూ ఒకటి ఉంటుంది ఈ పెట్టె. లోపల ఏయే ప్రోగ్రాంలు కలిసి నడుస్తున్నాయి, ఒక్కోదాని లైసెన్సు ఏమిటి అని చూస్తుంది. ఆ లైసెన్సులు ఒకదానితో ఒకటి పొసగకపోతే మోటారు తిరగనివ్వదు. మంచెల మీద దీన్ని వావి చూడటం అంటారు. పెట్టె మీద, ముందు మాది, తరువాత కొల్లేరుది, ఇలా పడింది:

ఉమ్మడి లైసెన్సు, రెండో కూర్పు మాత్రమే. ఉమ్మడి లైసెన్సు, మూడో కూర్పు. కలపరాదు.

కలపబోయినందుకు శిక్షగా మూడు గంటలు మిల్లుకు తాళం. మళ్ళీ చేస్తే మూడు రోజులు. తొట్టిలో నిల్వ ఉంచిన నీళ్ళు తోడి రక్తం కడిగే గదికి పంపాం. ఇక నిల్వ లేదు.

ప్రతి మిషనులో ఈ పెట్టె ఉండాలనే చట్టం కావాలని ఒడ్డున మూడు రోజులు నడిచిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పట్లో కంపెనీల వాళ్ళు మేము రాసినది ఎత్తుకుపోయి, సీలు వేసి, మాకే అమ్మేవాళ్ళు. దొంగతనం ఆగాలని అరిచాం. చట్టం వచ్చింది. ఇప్పుడు కంపెనీలకు ఏ బాధా లేదు. వాళ్ళ మిషన్లలో ప్రతి ముక్కా వాళ్ళదే, పరాయి ముక్క లేదు, కాబట్టి వావి తప్పే పని లేదు. నలుగురి దగ్గర తెచ్చి నలుగురికి ఇచ్చేవాళ్ళం మేము. చట్టం మా మోటారు ఆపింది. పంచుకోండి అని ఈ లైసెన్సు చెబుతుంది. పంచుకోండి అని ఆ లైసెన్సూ చెబుతుంది. ఆ రెండూ కలిసి పంచుకోవటానికి మాత్రం వీల్లేదట.

సాయంత్రం అక్కకు చెప్పాను. నవ్వింది.

"అన్నదమ్ముల బిడ్డల్లే ఉందిరా. ఒకే ఇంటిపేరు, ఒకే ఇల్లు. అందుకే పెళ్ళి కుదరదు. పరాయింటి పిల్లైతే పప్పన్నం పెట్టేద్దుం."

నాకు నవ్వు రాలేదు.

అక్టోబరు 13, సోమవారం. నిన్న పుస్తకం రాయలేదు. పగలంతా పొరలు కడుగుతూనే ఉన్నాను. చేతులు పగిలాయి. నిన్న తీసిన నీరు ఎనిమిది వేల ఎనిమిది వందల లీటర్లు మాత్రమే. ఈ రోజు ఎనిమిది వేల ఏడు వందల లీటర్లు మాత్రమే.

చేత్తో కడిగిన కొద్దీ పొర పలచబడుతోంది. ఇలా ఇంకో పదిసార్లు కడిగితే చిరిగిపోతుంది. కొత్త పొరలు రావటానికి రెండు నెలలు.

లైసెన్సుల కచేరీకి ఫోను చేశాను. ఇందుమతి అనే ఉద్యోగిని మాట్లాడింది. మర్యాదగానే మాట్లాడింది. దానికి ఇంకా మండింది.

"మూడో కూర్పులో రెండు షరతులు ఎక్కువండీ. వాడిన మిషనుకు తాళం వేయకూడదు, పేటెంటు పేరు చెప్పి దావా వేయకూడదు."

"మంచి షరతులే కదమ్మా."

"మంచివేనండీ. కానీ రెండో కూర్పు ఏమంటుందంటే, నా షరతులకు ఇంకొకటి కలపొద్దు అంటుంది. మంచిదైనా సరే, చెడ్డదైనా సరే."

"కొల్లేరు ప్రోగ్రాం వేరే కంప్యూటరు పెట్టెలో నడుపుతాను."

"వేరు కుంపటైతే అభ్యంతరం లేదండీ. ఇంకో పెట్టె ఉందా?"

ఉండేది. తుపానులో పోయింది. చెప్పలేదు.

"అసలు మీ చిక్కంతా ఒక్క మాటతోనండీ" అంది. "అందరూ ‘రెండో కూర్పు లేదా ఆ తరువాతిది’ అని రాస్తారు. అలా ఉంటే ఈ పాటికి కలిసిపోయేవి. మీవాళ్ళు ‘మాత్రమే’ అని రాశారు. ఆ మాట తీసేయాలంటే ప్రోగ్రాం రాసిన వాళ్ళందరూ ఒప్పుకోవాలి. ఎంతమంది?"

"ఇద్దరం."

"ఆ మాట చేర్చింది ఎవరు?"

"రెండోవాడు."

"మా దగ్గర నమోదు ఉంటుంది. తీసి పంపిస్తాను" అంది.

ఎవరు చేర్చారో నాకు కచేరీ చెప్పనక్కరలేదు. పదకొండేళ్ళ కింద మూడో కూర్పు కొత్తగా వచ్చినప్పుడు ఏడుకొండలు దానికి మారదామన్నాడు. మారబోతే సాక్షి పెట్టె ఒప్పుకోలేదు. అప్పుడు వాడు టాబ్లెట్ పట్టుకుని మిల్లు గదికి వచ్చి, పదిమందిలో, "మాత్రమే అని నువ్వే రాశావు బావా, నువ్వు ఒప్పుకోకుండా ఏదీ మారకూడదని రాశావు, ఇదిగో చూడు" అన్నాడు. వాడు చేసిన పని నా నెత్తిన రుద్దుతున్నాడు అనుకున్నాను. టాబ్లెట్ లాక్కుని సముద్రంలోకి విసిరాను. చూడలేదు. రాయని మాట రాశావంటే ఎవడు చూస్తాడు? మర్నాడే వాడు పడవెక్కాడు.

పదకొండేళ్ళుగా ఆ ‘మాత్రమే’ నా మిల్లులో ముల్లులా ఉంది. ఈ రోజు అది అక్క రక్తం దాకా వచ్చింది. వాడు ఎదురుగా ఉంటే ఈసారి విసిరేది టాబ్లెట్ కాదు.

అక్టోబరు 14, మంగళవారం. పొద్దున జల్లు. మూడు పొరలు కడిగాను. తీసిన నీరు ఎనిమిది వేల ఆరు వందల లీటర్లు మాత్రమే. సరిగ్గా సరిపోయింది. అక్క వంతు అయింది. స్నానాలు లేవు.

కచేరీ నుంచి నమోదు వచ్చింది. ఒక్క వరుస.

‘రెండో కూర్పు మాత్రమే.’ చేర్చినవారు: కొక్కిలిగడ్డ నాంచారయ్య. మార్చి 3, సాయంత్రం 6.10.

ఇందుమతికి ఫోను చేసి అరిచాను. దొంగ నమోదు అన్నాను. కొల్లేరు వాళ్ళ దగ్గర ఏం పుచ్చుకున్నారో చెప్పమన్నాను. ఆమె చివరిదాకా వింది. తరువాత, "మీరు రోజూ పుస్తకం రాస్తారట కదండీ. ఆ రోజుది చూసుకోండి" అంది. రత్నకుమారి చెప్పి ఉంటుంది.

తప్పని చూపిద్దామనే తీశాను. మిల్లు మొదలుపెట్టిన ఏటి పుస్తకం అటక మీద రేకు డబ్బాలో ఉంది. మార్చి 3. నా రాతే. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను:

‘వేడి గాలి. మిల్లు మొదటిసారి పగలంతా ఆగకుండా నడిచింది. ప్రోగ్రాం కచేరీకి పంపాను. లైసెన్సు ఉమ్మడి, రెండో కూర్పు మాత్రమే. గొట్టాలు రెండు వందల అడుగులు మాత్రమే. మేకులు నలభై మాత్రమే. తీసిన నీరు రెండు వేల లీటర్లు మాత్రమే. బావ, నేను చెరి ఒక గ్లాసు తాగాం.’

నాలుగుసార్లు చదివాను.

పదమూడో ఏట ఐసు ఫ్యాక్టరీలో చేపల తూకం చీటీలు రాసేవాణ్ణి. అక్కడి గుమాస్తా మొదటి రోజే చెవి మెలిపెట్టి నేర్పాడు. అంకె వేస్తే పక్కన ‘మాత్రమే’ వెయ్యాలి, లేకపోతే ఎవడో వచ్చి పక్కన సున్నా చుడతాడు అని. వంజరం నలభై రెండు కిలోలు మాత్రమే. అప్పటి నుంచి నలభై ఏళ్ళుగా అంకె కనబడితే నా చెయ్యి ఆ మాట రాసేస్తుంది. రెండో కూర్పు అని రాశాను. రెండు అంకె. పక్కన మాత్రమే వేశాను. బడిలో చదువుకున్నవాడు లైసెన్సును లైసెన్సులా చదివేవాడు. నేను తూకం చీటీలా రాశాను.

ఈ పేజీ పైకి చూస్తే అక్కడా ఉంది. ఈ రోజు కూడా వేశాను.

అక్టోబరు 15, బుధవారం. మబ్బు. పొరలు కడిగాను, ఒకటి చిరిగింది. తీసిన నీరు ఎనిమిది వేల నూట యాభై లీటర్లు మాత్రమే.

రత్నకుమారి రక్తం కడిగే గదికి తాళం వేయించింది. రేపు అక్కకూ, ఇంకో ఇద్దరికీ వంతు లేదు.

"ఒడ్డు ఆసుపత్రికి తీసుకుపోదాం" అంది. "పడవలో ఐదు గంటలేగా."

"పోను ఐదు, రాను ఐదు. వారానికి మూడుసార్లు. ఆ ఒంటితో?"

"అయితే కంపెనీ వాళ్ళ ప్రోగ్రాం పెడదాం. అడిగా. రేపే పంపుతారంట. మిల్లు వాళ్ళ పేరున రాయమంటున్నారు."

"ఎవరి మిల్లు?"

"నా మీద గుడ్లురమకు నాంచారయ్యా. ఆదివారం దాకా చూస్తా. ఆ పైన సంతకం పెట్టేస్తా."

ఆమె వెళ్ళాక ఏడుకొండలుకు ఫోను చేశాను. నంబరు అక్క దగ్గర ఉంది. పదకొండేళ్ళూ ఆమె దగ్గర ఉందని ఈ రోజే తెలిసింది.

"ఎవరూ?"

"నేను."

"నేనంటే మంచెకు వందమంది ఉన్నారు. ఏ నేను?"

"నాంచారయ్యని."



"వదినకేమన్నా అయ్యిందా?"

"ఇంకా కాలేదు."

"మరేంది?"

"మాత్రమే అని రాసింది నేనే. పుస్తకంలో ఉంది."

నవ్వాడు. మంచి నవ్వు కాదు.

"ఒక్క మాట చదవటానికి పదకొండేళ్ళు పట్టిందా బావా? నీ చదువు తగలెయ్య."

"తెలిసి రాయలేదు. అంకె పక్కన వేసేశాను."

"అంకె పక్కన... ఓరి నాయనో. చేపల చీటీల్లోలాగానా?"

"అవును."

"నేనేమో నువ్వు పెద్ద ఎత్తు వేశావనుకున్నా. ఇన్నేళ్ళూ నిన్ను మహా తెలివిగలోడివని తిట్టుకున్నా గదరా!"

"తీసేయాలి. ఇద్దరం ఒకే పెట్టె మీద చెయ్యి పెట్టాలట."

"నా టాబ్లెట్ సంగతేంది?"

"సముద్రంలో ఉంది."

"వెతికి పెట్టు. వత్తన్నా. నీ కోసం అనుకునేవు. వదిన కోసం."

అక్టోబరు 16, గురువారం. ఈదురు గాలి, అలలు ఎత్తుగా ఉన్నాయి. పడవలు రాలేదు. పొరలు కడగలేదు, భయపడ్డాను. తీసిన నీరు ఏడు వేల ఎనిమిది వందల లీటర్లు మాత్రమే.

అక్క వంతు పోయింది. సాయంత్రానికి పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. నర్సు సలోమి నీళ్ళు కొలిచి ఇస్తోంది, రోజంతటికీ రెండు గ్లాసులు. నీళ్ళు చేసేవాడి అక్కకు.

పెట్టెను సుత్తితో కొడితే పోతుంది. ఆలోచించాను. సాక్షి లేకపోతే మోటారుకు కరెంటు రాదు. అది తెలిసే చేశారు, మా కోరిక మీదే చేశారు. దొంగ తప్పించుకోకూడదని మేమే అడిగాం.

అక్టోబరు 17, శుక్రవారం. గాలి తగ్గింది. చిరిగిన పొర స్థానంలో పాతది కుట్టి వేశాను. తీసిన నీరు ఏడు వేల ఆరు వందల లీటర్లు మాత్రమే.

పదకొండు గంటలకు ఏడుకొండలు దిగాడు. జుట్టు నెరిసింది. ఎడమ కాలు ఈడుస్తున్నాడు. నా వైపు చూడకుండా నేరుగా అక్క దగ్గరికి వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను.

అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు.

"వచ్చావా ఏడుకొండలూ. కొల్లేరు చేపలేయిరా?"

"నీకు ఉప్పు చేప పెడితే సలోమి నన్ను నీళ్ళలో తోసుద్ది వదినా."

"వాణ్ణి లోపలికి పిలువు. ఇద్దరూ ముసలోళ్ళయ్యారు గాని బుద్ధి మాత్రం రాలా."

మిల్లు గదికి వెళ్ళాం. ఇద్దరం సాక్షి పెట్టె మీద కుడి చెయ్యి పెట్టాం. పక్కపక్కనే. పెట్టె, ఆ మాట చోట ఏం రాయాలని అడిగింది. ఏడుకొండలు ఎడమ చేత్తో టైపు కొట్టాడు.

"చదువు" అన్నాడు. "ఈసారి గట్టిగా చదువు. అందరూ వినాలి."

గుమ్మంలో రత్నకుమారి, సలోమి, ఇంకా పదిమంది ఉన్నారు. వాడు టాబ్లెట్ తెచ్చిన రోజున కూడా వీళ్ళే ఉన్నారు.

"రెండో కూర్పు, లేదా ఆ తరువాత వచ్చే ఏదైనా" అని చదివాను.

చదివాక చెయ్యి తీసేశాను.

"ఏంది మళ్ళీ?" అన్నాడు.

"ఏదైనా అంటే? ఇంకా రాయని కూర్పుకు ఇప్పుడే ఒప్పుకుంటున్నాం. ఎవడు రాస్తాడో తెలియదు. ఏం రాస్తాడో తెలియదు. ఇది ఖాళీ కాయితం మీద వేలిముద్ర."

"అవును. వేలిముద్రే."

"రేపు కంపెనీ వాడే దూరి రాస్తే?"

"రాయొచ్చు. అప్పుడు మనోళ్ళు మళ్ళీ ఒడ్డున నడుత్తారు. పుట్టబోయేవోళ్ళ మీద ఆ మాత్రం నమ్మకం లేకపోతే ఎట్టా బావా? నీ మాత్రమే వల్ల ఏ దొంగ ఆగాడు? నేనాగా. ఆమె ఆగింది." అక్క ఉన్న గది వైపు చెయ్యి చూపాడు.

సమాధానం ఉంది నా దగ్గర. ఇప్పటికీ ఉంది. తెలియనిదానికి సంతకం పెట్టటం తప్పేనని నేను ఇప్పటికీ అంటాను. మంచి మాటను తలుపు గొళ్ళెంలా చేసిన వాళ్ళ మీద, మేలు చేసే రెండు కాయితాలను ఒక చోట ఉండనివ్వని చట్టం మీద, దాన్ని అడిగి తెచ్చుకున్న నా మీద కోపం అలాగే ఉంది. అది వాదించి గెలిచేలోగా శనివారం వస్తుంది.

చెయ్యి మళ్ళీ పెట్టాను. వాడి చెయ్యి వేడిగా తగిలింది. పెట్టె పచ్చగా వెలిగింది. ‘ఇద్దరి సమ్మతి నమోదైంది. పొసగును.’

కొల్లేరు ప్రోగ్రాం ఎక్కించి మీట నొక్కాను. మోటారు ముందుకు తిరిగింది. ఆగింది. వెనక్కి తోసింది. గొట్టంలోంచి ఎర్రటి జిగురు ముద్దలుగా సముద్రంలో పడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఏడుకొండలు కొట్టలేదు, నేనూ కొట్టలేదు.

"తెల్లారేదాకా కొలవకు" అన్నాడు. "నిదానంగా పెరుగుద్ది."

అక్టోబరు 18, శనివారం. తెల్లవారు జామున మంచు, తరువాత ఎండ. పొరలు విప్పలేదు. ఏడుకొండలు మిల్లు గదిలోనే చాప వేసుకుని పడుకున్నాడు, గురక పెట్టాడు. ఆరింటికి తొట్టి మట్టం చూశాను. మళ్ళీ ఏడింటికి చూశాను. తప్పు చూశానేమోనని రత్నకుమారిని చూడమన్నాను. ఆమె చూసి, నడుముకున్న తాళంచెవి తీసి సలోమికి ఇచ్చింది.

అక్కను కుర్చీలో మోసుకెళ్ళాం. కుర్చీకి ఒక వైపు నేను, ఒక వైపు బావ పట్టుకున్నాం. "మెల్లగారా, పాచి పొరను కాను" అంది. ఇప్పుడు మిషను పక్కన పడుకుని ఉంది. సలోమి గొట్టాలు బిగించింది. గొట్టంలో ఎరుపు కదులుతోంది. కిటికీలోంచి కనబడుతూనే ఉంది, గది బయటి నుంచే రాస్తున్నాను. బావ వచ్చి నా భుజం మీదుగా పుస్తకంలోకి చూస్తున్నాడు. రాయి, ఏం రాస్తావో చూస్తా అంటున్నాడు. తీసిన నీరు ఎనిమిది వేల తొమ్మిది వందల లీటర్లు